ఇంటికి పనిముట్లు ఎలా చూసి కొన్నానంటే (నా అనుభవం)

ఇంట్లో షెల్ఫు బిగించాలన్నా, తలుపు మడతబందు వదులైనా, కుళాయి కారుతున్నా ప్రతిదానికీ మనిషిని పిలిచి అతను వచ్చేదాకా కూర్చోవడం నాకు విసుగొచ్చేసింది. కావాల్సిన సామాను కొనుక్కుని ఈ చిన్న పనులన్నీ నేనే చేసుకుందామని నిర్ణయించుకున్నాను. మరీ ఎక్కువ డబ్బు పెట్టే ఉద్దేశం లేదు, చవగ్గా వస్తోందని నాలుగు పనులకే అరిగిపోయేది కొనే ఉద్దేశమూ లేదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. తేలిందేమిటో ముందే చెప్పేస్తాను: ఏ పనిముట్టయినా సరే, పనిని తాకే భాగం ఏదో చూసి డబ్బు అక్కడ పెట్టాలి. డ్రిల్లింగ్ మిషన్‌కి అది బిట్టు, రంపానికి బ్లేడు, స్క్రూ డ్రైవర్‌కి మొన, పానాకి దవడలు. మిగతాదంతా ఆ భాగాన్ని పట్టుకోవడానికో తిప్పడానికో ఉన్నదే, అక్కడ ఓ మోస్తరుది సరిపోతుంది.

కొనేముందు ఒక కాగితం పెట్టుకుని ఇంట్లో ఏ రిపేరు వచ్చినా, ఏది బిగించాలనిపించినా అందులో రాసుకుంటూ పోయాను. కొంతకాలం అయ్యాక చూస్తే సగానికి పైగా పనులు స్క్రూ విప్పడం, బిగించడమే. తర్వాత నట్టు బోల్టు పనులు, తర్వాత గోడకి కన్నాలు. కోత పనులు చాలా తక్కువ. ఈ కాగితం దగ్గర పెట్టుకుని షాపులో ఆ పెద్ద ప్లాస్టిక్ పెట్టెల సెట్లు తెరిపించి చూశాను. నూటికి పైగా ముక్కలని పైన రాసి ఉంటుంది కానీ లోపల ఎక్కువ భాగం చిన్న బిట్లూ సాకెట్లే, వాటిలో నా కాగితంలో ఉన్న సైజులు వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. అదే డబ్బుతో నాకు నిజంగా కావాల్సినవి ఒక్కొక్కటి విడిగా, మంచివి వస్తాయని లెక్క తేలింది. అందుకే సెట్టు తీసుకోలేదు. ఏమీ లేని ఇంట్లోకి ఒక్కసారే అన్నీ కావాల్సినవాళ్ళకి సెట్టు పనికొస్తుందేమో, కానీ కాగితం రాసుకున్నాక మాత్రం దాని అవసరం నాకు కనపడలేదు.

ముందు స్క్రూ డ్రైవర్ల సంగతి, ఎందుకంటే రోజూ చేతిలో ఉండేది అదే. ప్లస్ ఆకారం గాడి ఉన్న స్క్రూలన్నీ ఒకటే అనుకుంటాం, కానీ వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి ఫిలిప్స్, రెండోది పోజిడ్రివ్. పోజిడ్రివ్ స్క్రూ తల మీద ప్లస్ గాడికి మధ్య మధ్యలో ఐమూలగా నాలుగు సన్నని గీతలుంటాయి, వెలుతురులో పెట్టి చూస్తే తెలుస్తుంది. విడిభాగాలుగా వచ్చి మనమే బిగించుకునే బీరువాల్లో, టేబుళ్ళలో ఈ రకం ఎక్కువ. దానిలో ఫిలిప్స్ మొన పెట్టి గట్టిగా తిప్పితే మొన పైకి లేచి జారుతుంది, రెండు మూడుసార్లు జారేసరికి గాడి గుండ్రంగా అరిగిపోయి ఆ స్క్రూ ఇక బయటికి రాదు. ఇంట్లో వాడకానికి ఫిలిప్స్‌లో పీహెచ్1, పీహెచ్2, పోజిడ్రివ్‌లో పీజడ్2, చదునుగా ఉండే మొనలో చిన్నదొకటి పెద్దదొకటి, ఇవి చాలు. కొనేటప్పుడు ఒక కొత్త స్క్రూ జేబులో వేసుకెళ్ళి, మొనని గాడిలో పెట్టి చేతులు వదిలి చూశాను. బాగా కుదిరిన మొన స్క్రూని అడ్డంగా పట్టుకున్నా ఊడిపోకుండా కాసేపు నిలబడుతుంది. నాసిరకం మొన గాడిలో అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. పిడి మీద క్రోమ్ వెనేడియం అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఉక్కు రకం మాత్రమే చెబుతుంది, మొనని ఎంత కచ్చితంగా చెక్కారో ఎలా గట్టిపరిచారో చెప్పదు. పిడి మాత్రం అరచేతి నిండా వచ్చేది చూసుకోండి, లావు పిడితో అదే బలానికి ఎక్కువ తిప్పగలం.

పానాల విషయంలో ఒక చిన్న లెక్క బాగా ఉపయోగపడింది. ఎం6 (అంటే కాడ మందం 6 మిల్లీమీటర్లు) బోల్టు తలకి 10 మిల్లీమీటర్ల పానా, ఎం8 కి 13 పడుతుంది. ఇంట్లో కనపడే బోల్టుల్లో ఎక్కువ ఇవే. అందుకే 8, 10, 13, 17 సైజుల్లో ఒకవైపు రింగు, ఒకవైపు దవడలు ఉన్న కాంబినేషన్ పానాలు విడిగా కొన్నాను. రింగు వైపు బోల్టు తలని చుట్టూ పట్టుకుంటుంది కాబట్టి బిగుసుకుపోయినదాన్ని కదిలించేటప్పుడు అటువైపే వాడాలి. మిగతా సైజులకి, కుళాయి నట్లకి ఒక అడ్జస్టబుల్ స్పానర్. అది కొనేటప్పుడు కదిలే దవడని వేలితో పట్టుకుని ఊపి చూశాను, కొన్నిటిలో అది లొడలొడలాడుతుంది, అలాంటిది బోల్టు మూలలు తినేస్తుంది. వాడేటప్పుడు బలం కదలని దవడ మీద పడేలా తిప్పాలి, రెండోవైపు తిప్పితే దవడని కదిపే ఆ చిన్న మర మీదే బరువంతా పడుతుంది.

కటింగ్ ప్లేయర్ దగ్గర నేను చాలా పట్టుదలగా ఉన్నాను. ఇంట్లో కరెంటు వైర్ల దగ్గరికి వెళ్ళే పనిముట్టు అదే. పిడి మీద రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటే షాక్ కొట్టదని చాలామంది నమ్మకం. ఆ తొడుగు చాలావాటిలో పట్టు కోసం వేసినదే, ఇన్సులేషన్‌గా పరీక్షించినది కాదు. పరీక్షించిన వాటి మీద 1000 వోల్టులు అనే గుర్తు, పక్కనే ఒకదానిలో ఒకటి ఉన్న రెండు త్రిభుజాల బొమ్మ, ఐఈసీ 60900 అనే ప్రమాణం నంబరు ఉంటాయి. అలాంటిదే తీసుకున్నాను. తీసుకున్నా సరే, మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే వైరు ముట్టుకోవాలి, ఇందులో మినహాయింపు లేదు. ప్లేయర్‌ని మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే కోసే అంచుల మధ్య సందు ఉందో లేదో తెలిసిపోతుంది. ఒక కాగితం ముక్కని అంచుల మధ్య పెట్టి నొక్కాను, మంచిది దాన్ని తెగ్గొడుతుంది, నాసిది మడిచి వదిలేస్తుంది.

కొలిచేవాటిని షాపులోనే పరీక్షించొచ్చు, ఇది తెలిశాక నాకు భలే ధైర్యం వచ్చింది. రసమట్టాన్ని ఒక బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడ ఆగిందో చూసి, అదే చోట దాన్ని అటుది ఇటు తిప్పి పెట్టాలి. బుడగ మళ్ళీ అదే చోట, అదే వైపుకి ఆగితే మట్టం మంచిది, బల్ల వాలుగా ఉన్నా ఫర్వాలేదు. మూలమట్టంతో తిన్నని అంచుకి ఆనించి ఒక గీత గీసి, దాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీస్తే రెండూ కలిసిపోవాలి, పైకి వెళ్ళేకొద్దీ విడిపోతే అది వంకర. షాపతను మొదట వింతగా చూశాడు కానీ తర్వాత తనే ఇంకో రెండు తీసి పెన్సిలు కూడా ఇచ్చాడు. కొలత టేపు చివర కొక్కెం కొంచెం ముందుకీ వెనక్కీ కదులుతుంది, అది వదులైందనుకుని సుత్తితో కొట్టి బిగించేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. ఆ కదలిక సరిగ్గా కొక్కెం మందమంత ఉంటుంది. బయట అంచుకి తగిలించి లాగినప్పుడూ, లోపల గోడకి ఆనించి నెట్టినప్పుడూ కొలత ఒకటే రావాలని అలా చేస్తారు. టేపు మీద రోమన్ అంకెల్లో ఒకటి గానీ రెండు గానీ ఉంటే అది కచ్చితత్వపు తరగతి. రెండో తరగతి టేపులో 5 మీటర్లకి తేడా మిల్లీమీటరున్నర లోపే, ఇంటి పనులకి అది ధారాళంగా చాలు.

సుత్తి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, 450 గ్రాముల తల, వెనక మేకులు పీకే చీలిక ఉన్నది అన్నిటికీ సరిపోయింది. ఇనుము కోసే రంపంలో ఫ్రేము ఎలాంటిదైనా పర్లేదు, బ్లేడు గట్టిగా లాగి బిగించగలిగితే చాలు, డబ్బు బ్లేడుకి పెట్టాలి. అంగుళానికి 24 పళ్ళున్న బైమెటల్ (రెండు రకాల ఉక్కు అతికించిన) బ్లేడు మామూలు పనులకి, 32 పళ్ళది పల్చటి రేకుకీ గొట్టాలకీ. కోసే లోహం మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఆనేలా చూసుకుంటే పళ్ళు విరగవు. బ్లేడు మీద బాణం గుర్తు ముందుకి ఉండేలా బిగించాలి, ముందుకి నెట్టేటప్పుడే అది కోస్తుంది.

ఇక డ్రిల్లింగ్ మిషన్. నా సమయంలో ఎక్కువ భాగం దీనికే పోయింది, ఎందుకంటే అట్టపెట్టె మీద అంకెలు చూసి కొనేవాళ్ళని తికమకపెట్టేది ఇదే. గోడకి కన్నం వేసే మిషన్లు రెండు రకాలు. ఇంపాక్ట్ డ్రిల్‌లో పళ్ళున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరిగి బిట్టుని సన్నగా అదురిస్తాయి. అందులో దెబ్బ బలం చాలావరకు మనం వెనక నుంచి ఎంత నొక్కుతున్నామన్న దాని మీద ఉంటుంది. రోటరీ హామర్‌లో ఒక పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి ఒత్తిడితో లోపలి దిమ్మె బిట్టు వెనక కొడుతుంది, మనం నొక్కక్కర్లేదు, పట్టుకుంటే చాలు. ఇంపాక్ట్ డ్రిల్ పెట్టె మీద నిమిషానికి 45,000 దెబ్బలని ఉంటుంది, రోటరీ హామర్ మీద 4,000 నుంచి 5,000 అని ఉంటుంది. అంకె చూస్తే మొదటిదే గొప్పదనిపిస్తుంది కానీ కాంక్రీటులో ఆ తక్కువ అంకె మిషనే దూసుకుపోతుంది, దాని ఒక్కో దెబ్బకి అంత బలం ఉంది. దాన్ని జౌల్ అనే శక్తి కొలమానంలో కొలుస్తారు, ఇంటికి 2 జౌళ్ళది చాలా ఎక్కువే. అలాగే వాట్లు కూడా. పెట్టె మీద రాసేది మిషన్ తీసుకునే కరెంటు లెక్క, బిట్టు దగ్గర మనకి అందే బలం కాదు.

ఏది కొనాలో నా ఇంటి గోడే చెప్పింది. ఒక స్నేహితుడి ఇంపాక్ట్ డ్రిల్ తెచ్చి గోడకి ఒక కన్నం వేసి పొడి చూశాను. ముందు ప్లాస్టరింగ్ బూడిద రంగు పొడి మెత్తగా రాలింది, అది దాటగానే ఎర్రటి పొడి మొదలైంది, అంటే ఇటుక. బిట్టు హాయిగా లోపలికి వెళ్ళిపోయింది. అదే కిటికీ పైన లింటెల్ దగ్గర పెడితే బూడిద రంగు మారనే లేదు, సన్నటి పిండిలాంటి పొడి వస్తోంది, మిషన్ కీచుమంటోంది, బిట్టు వేడెక్కుతోంది కానీ లోపలికి దిగడం లేదు. కొనేముందు ఈ పరీక్ష అందరూ చేసుకోవాలని నా అభిప్రాయం. గోడలన్నీ కాంక్రీటే అయితే ఇంపాక్ట్ డ్రిల్ జోలికి పోకుండా ఎస్‌డీఎస్ ప్లస్ రోటరీ హామర్ కొనుక్కోవడమే మంచిది. దాని బిట్టు కాడ 10 మిల్లీమీటర్ల మందంలో గాళ్ళతో ఉంటుంది, బాష్ 1975లో తెచ్చిన ఈ అమరికనే ఇప్పుడు అన్ని కంపెనీలూ వాడుతున్నాయి, కాబట్టి ఏ బ్రాండు మిషన్‌కి ఏ బ్రాండు బిట్టయినా పడుతుంది. నా గోడలు ఎక్కువ ఇటుకే కాబట్టి 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టుని పట్టుకునే భాగం), ట్రిగ్గర్‌తో వేగం తగ్గించుకునే వీలు, రివర్స్ ఉన్న వైరు ఇంపాక్ట్ డ్రిల్ తీసుకున్నాను. స్లాబుకి కన్నం కావాల్సి వస్తే ఆ రోజుకి రోటరీ హామర్ అద్దెకి తెచ్చుకుంటాను.

మిషన్‌లో మధ్యరకం తీసుకుని మిగిలిన డబ్బు బిట్లలో పెట్టాను. మిషన్‌తో పాటు ఉచితంగా ఇచ్చే బిట్లతో మంచి మిషన్ కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. గోడ బిట్టు కొసన కార్బైడ్ ముక్క అతికి ఉంటుంది, అతుకు దగ్గర సందుల్లేకుండా నిండుగా ఉందో లేదో, ముక్క సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడాలి. ఇంట్లో 6, 8 సైజులు ఎక్కువ అవసరం పడతాయి, స్క్రూ పట్టడానికి కన్నంలో పెట్టే 6 ప్లగ్గుకి 6 బిట్టు, అంతే. లోహానికి హైస్పీడ్ స్టీలు బిట్లు, చెక్కకి మధ్యలో సూది మొన ఉన్నవి. లోహానికి గానీ చెక్కకి గానీ టైలుకి గానీ దెబ్బలు కొట్టే హామర్ మోడ్ పెట్టకూడదు, టైలు అయితే బీటలు వారుతుంది. చక్‌ని పట్టుకుని పక్కకి ఊపి చూడడం మర్చిపోవద్దు, బేరింగు వదులుంటే అక్కడే తెలుస్తుంది. మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు పక్కనున్న మూత విప్పి మార్చుకునే మిషన్ దొరికితే అదే తీసుకోండి. ఎక్కువగా అరిగేవి అవే, మార్చుకోగలిగితే మిషన్ ఏళ్ళ తరబడి నడుస్తుంది.

బ్యాటరీదా వైరుదా అన్న చర్చ ఇంట్లో కూడా జరిగింది. బ్యాటరీ మిషన్ చేతిలోకి రాగానే ప్రాణానికి హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ దిగజారుతుంది, ఎప్పుడో ఒకసారి తీసేవాళ్ళకి అది నష్టమే. వైరు మిషన్‌కి ఆ బాధ లేదు. పైగా బ్యాటరీ మిషన్ కొనడం అంటే నిజానికి ఒక కంపెనీ బ్యాటరీ కుటుంబంలో చేరడం, తర్వాత కొనేవన్నీ అందులోనే కొనాలి, లేదంటే ప్రతిదానికీ కొత్త బ్యాటరీ, కొత్త ఛార్జర్. వోల్టుల అంకెలకి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులు, ఐదు కలిపితే 18. నిండా ఛార్జి చేసినప్పుడు ఒక్కోటి 4 వోల్టుల పైకి వెళ్తుంది కాబట్టి అదే ఐదు సెల్లుల ప్యాకుని కొందరు 20 వోల్టుల మ్యాక్స్ అని అమ్ముతారు. 12 వోల్టులనేది మూడు సెల్లులు, మామూలుగా 10.8. పేరు తెలియని మిషన్ల మీద నలభై ఎనిమిదనీ ఎనభై ఎనిమిదనీ పెద్ద అంకె ఉంటే ప్యాకు సైజు చూడండి, అంత చిన్న డబ్బాలో అన్ని సెల్లులు పట్టవు. అసలు పోల్చాల్సింది వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే వాట్ అవర్లు. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ల ప్యాకు 36, 10.8 వోల్టుల 4 ఆంపియర్ అవర్లది 43 దాటుతుంది. అంటే చిన్న మిషన్ ప్యాకులోనే ఎక్కువ శక్తి ఉంది. నా కాగితంలో స్క్రూ పనులే ఎక్కువ కాబట్టి కొన్నాళ్ళ తర్వాత 12 వోల్టుల చిన్న డ్రిల్ డ్రైవర్ ఒకటి తీసుకున్నాను. క్లచ్ రింగుని తక్కువ అంకె మీద పెట్టుకుంటే స్క్రూ బిగియగానే కటకటమని వదిలేస్తుంది, గాడి చెడదు. వాడనప్పుడు బ్యాటరీని సగం ఛార్జితో, చల్లగా ఉండే చోట పెడతాను.

తిరిగే డిస్కుతో లోహాన్ని కోసే, అరగదీసే గ్రైండర్ కొనాలా వద్దా అని చాలా ఆలోచించి కొనలేదు. అవసరం తక్కువ, ప్రమాదం ఎక్కువ. కొనేవాళ్ళు మాత్రం ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. చిన్న గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. 125 మిల్లీమీటర్ల డిస్కు 12,200 దాకా తట్టుకుంటుంది, 180 మిల్లీమీటర్లది 8,500 దాకే. గార్డు తీసేసి పెద్ద డిస్కు బిగిస్తే అది చేతిలోనే పగిలి ముక్కలుగా మొహం మీదకి వస్తుంది. డిస్కు మధ్యలో ఉన్న లోహపు రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, అది దాటినవి ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. కళ్ళకి రక్షణగా పెట్టుకునే కళ్ళజోడు, కాంక్రీటు పొడికి సరైన మాస్కు, ఈ రెండూ డ్రిల్‌తో పాటే కొన్నాను, వాటి దగ్గర బేరాలాడలేదు.

సెకండ్ హ్యాండ్‌వి కూడా చూశాను. చేతి పనిముట్లలో బాగా కలిసొస్తాయి. పైపై తుప్పు ఉన్న పాత ఉలి, పాత వైస్ రుద్దితే మెరుస్తాయి, పగుళ్ళు లేకపోతే చాలు. వైరు మిషన్ అయితే ఖాళీగా తిప్పించి గాలి కన్నాల్లోంచి చూడాలి, బ్రష్‌ల దగ్గర చిన్న నిప్పురవ్వలు మామూలే, చుట్టూ వలయంలా మండుతుంటే మోటారు పోయినట్టే. మాడు వాసన వస్తే వదిలేయడమే. వాడేసిన బ్యాటరీలు మాత్రం అస్సలు కొనను, లోపల ఎంత మిగిలిందో బయటికి కనపడదు.

సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే జిగ్‌సా ఇంకా కాగితంలోనే ఉంది. ఆ మిషన్ స్నేహితుడి దగ్గర తెచ్చుకుంటాను, బ్లేడ్లు మాత్రం నావి. కొస టీ ఆకారంలో ఉండే బ్లేడ్లు ఇప్పటి మిషన్లలో చాలావాటికి పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. మొన్న లామినేట్ పలక కోయడానికి పళ్ళు కిందికి తిరిగి ఉన్న బ్లేడు పెట్టాను, పైవైపు పూత ఎక్కడా పెచ్చు లేవలేదు. ఆ బ్లేడు మిషన్‌ని పైకి తోస్తుంది కాబట్టి కాస్త గట్టిగా అదిమిపెట్టి నడపాలి. మిషన్ తిరిగిచ్చేటప్పుడు ఆ ముక్క చూసి మావాడు "ఇంత నున్నగా ఎలా వచ్చిందిరా, ఏం బ్లేడిది?" అన్నాడు. వాడికీ ఒకటి ఇచ్చి వచ్చాను.